రోహిణి కార్తెలో మొక్క

ప్రపంచ పర్యావరణ దినోత్సవం ఏటా జూన్ 5న వస్తుంది. వ్యవసాయ పంచాంగం ప్రకారం ఆ రోజు ఇంకా రోహిణి కార్తెలోనే ఉంటుంది. రోళ్లు పగిలే ఎండలని పేరున్న ఆ కార్తెలో నీటి వసతి లేని రైతు మొక్క నాటడు. నేల కాగుతూ ఉంటుంది, నైరుతి రుతుపవనాలు చాలా ఏళ్లలో అప్పటికి తెలంగాణ గడప తొక్కవు. హైదరాబాద్‌లో చేప మందు పంచే మృగశిర కార్తె మరో రెండు మూడు రోజులకు గానీ మొదలవదు. పొలం పనులు ఊపందుకునేది అప్పటినుంచే. అయినా మణికొండ నుంచి హైటెక్ సిటీ దాకా అపార్ట్‌మెంట్లలోనూ ఆఫీసు ప్రాంగణాల్లోనూ మొక్కలు నాటే వేడుకలు ఆ ఒక్క తేదీ చుట్టూనే తిరుగుతాయి.

ఆ దృశ్యం దాదాపు అన్నిచోట్లా ఒకటే. గేటు పక్కన తోటమాలి ముందురోజే తవ్వి పెట్టిన గుంత, ఎర్రమట్టి కుప్ప, వెనకాల ఫ్లెక్సీ, ఒకే మొక్కను పట్టుకున్న పదిహేను చేతులు. నర్సరీ నుంచి వచ్చిన మొక్క వేరు చుట్టూ నల్లటి పాలిథిన్ సంచి ఉంటుంది. దాన్ని బ్లేడుతో నిలువునా కోసి, మట్టి గడ్డ చెదరకుండా బయటికి తీసి గుంతలో దించాలి. హడావుడిలో సంచితోనే దించేస్తే వేరు బయటి నేలను అందుకోలేక లోపలే చుట్టలు చుట్టుకుంటుంది. అలాంటి మొక్క వానాకాలమంతా పచ్చగానే కనిపిస్తుంది. సంక్రాంతి దాటి నేల పైపొర ఎండగానే వడలిపోతుంది. ఎందుకు చచ్చిందో ఎవరూ తవ్వి చూడరు. వెనకాల కట్టిన ఫ్లెక్సీ మాత్రం చెక్కుచెదరదు, అది పీవీసీ. 100 మైక్రాన్ల కన్నా పలుచనైన పీవీసీ బ్యానర్లను కేంద్రం 2022 జూలై 1 నుంచి నిషేధించిన ఒకసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో చేర్చింది.

ఇలాంటి వేడుకలను శంకించేవాళ్లకు చెట్టంటే పట్టదని అనుకోవడం పొరపాటు. పై ఏడాది వేసవిలో అదే గుంత దగ్గరికి వెళ్లి చూసినవాళ్లకే ఈ అనుమానం ముందుగా కలుగుతుంది. వాళ్ల అభ్యంతరం మొక్క మీద కాదు, నాటిన రోజునే పని అయిపోయిందని చప్పట్లు కొట్టడం మీద.

పర్యావరణ దినాలు పుట్టినప్పుడు ఇలా లేవు. 1969లో అమెరికాలోని శాంటా బార్బరా తీరంలో చమురు బావి పగిలి సముద్రం నల్లబడింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 22న సెనేటర్ గేలార్డ్ నెల్సన్ పిలుపు మీద మొదటి ధరిత్రీ దినం జరిగింది. దాదాపు 2 కోట్ల మంది వీధుల్లోకి, కళాశాలల్లోకి వచ్చారు. వాళ్లు తమను తాము అభినందించుకోలేదు. ప్రభుత్వాన్ని, కంపెనీలను నిలదీశారు. అదే ఏడాది డిసెంబరులో ఆ దేశంలో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఏర్పడింది, గాలి కాలుష్యం మీద గట్టి చట్టం వచ్చింది. 1972 జూన్ 5న స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి సదస్సు మొదలైంది, ఆ తేదీయే ప్రపంచ పర్యావరణ దినోత్సవంగా నిలిచింది. ఇందిరాగాంధీ వెళ్లి ప్రసంగించిన ఆ సదస్సు ప్రభావం మన చట్టాల్లో కనిపిస్తుంది. 1974లో నీటి కాలుష్య నివారణ చట్టం వచ్చింది. 1976లో 42వ సవరణ ద్వారా అడవుల రక్షణను రాజ్యానికీ, పౌరులకూ రాజ్యాంగం బాధ్యతగా అప్పగించింది. 1981లో గాలి చట్టం, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చాయి. అంటే ఒక తేదీకి బలం లేదనలేం. అధికారం ఉన్నవాణ్ని ఏదో ఒకటి వదులుకోమని, మార్చుకోమని అడిగినంత కాలం ఆ తేదీ పనిచేసింది.

అడగడం పోయి అభినందన రావడం వెనక కొంత ప్రయత్నమూ ఉంది. అమెరికాలో సీసాలు, డబ్బాల తయారీదారులు 1953లో 'కీప్ అమెరికా బ్యూటిఫుల్' అనే సంస్థను నిలబెట్టారు. 1971 ధరిత్రీ దినం నాడు ఆ సంస్థ విడుదల చేసిన టీవీ ప్రకటనలో రోడ్డు పక్క చెత్త చూసి ఒక ఆదివాసి కన్నీరు కారుస్తాడు. చెత్త వేసినవాడిదే తప్పు, వాడి పారేసే సీసాను తయారు చేసినవాడి ఊసు లేదు. 2000ల మధ్యలో చమురు కంపెనీ బీపీ 'కార్బన్ ఫుట్‌ప్రింట్' అనే మాటను ప్రకటనల్లో విరివిగా వాడి, ఎవరి లెక్క వాళ్లు చూసుకోమని జనానికి చెప్పింది. తువ్వాలు మళ్లీ వాడి భూమిని కాపాడమని అతిథులకు చెబుతూ మరోవైపు కట్టడాలు పెంచుకుంటున్న హోటల్‌ను చూసి, పర్యావరణవేత్త జే వెస్టర్‌వెల్డ్ 1986లో 'గ్రీన్‌వాషింగ్' అనే మాట పుట్టించాడు. తెలుగులో దీన్ని పచ్చ పూత అనవచ్చు.

మన దగ్గర మొక్కల పండగకు ముందునుంచీ మరో తేదీ ఉంది. 1950లో కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ ప్రారంభించిన వనమహోత్సవం జూలై మొదటి వారంలో జరుగుతుంది. అప్పటికి నేల తడిసి ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2015 జూలై 3న చిలుకూరు బాలాజీ ఆలయం దగ్గర మొదలుపెట్టిన హరితహారమూ ఆ కాలాన్నే ఎంచుకుంది. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి చేర్చడం, అందుకు 230 కోట్ల మొక్కలు పెంచడం అప్పటి లక్ష్యం. ఇది ఉత్త ఆర్భాటమంటే అన్యాయమే అవుతుంది. భారత అటవీ సర్వే 2021 నివేదిక ప్రకారం హైదరాబాద్ మహానగరంలో అటవీ విస్తీర్ణం 2011లో 33.15 చదరపు కిలోమీటర్లు ఉంటే, 2021 నాటికి 81.81 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. దేశంలోని ఏ మహానగరంలోనూ అంత పెరుగుదల లేదు. 2022 అక్టోబరులో దక్షిణ కొరియాలోని జెజులో జరిగిన సభలో హైదరాబాద్‌కు ప్రపంచ హరిత నగర అవార్డు దక్కింది, ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ పెంచిన పచ్చని హారం అందులో ప్రధానంగా నిలిచింది.

అయితే అటవీ సర్వే లెక్కను అర్థం చేసుకోవాలి. హెక్టారు లేదా అంతకు మించిన జాగాలో చెట్ల నీడ 10 శాతం దాటితే ఉపగ్రహ చిత్రంలో అది అటవీ విస్తీర్ణమే. స్థలం ఎవరిది, చెట్టు ఏ జాతిది అన్న విచారణ ఉండదు. మామిడి తోట, రోడ్డు పక్క వరస, వందేళ్ల పొద అడవి అన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి. త్వరగా పచ్చగా కనిపించాలన్న తొందరలో హైదరాబాద్ డివైడర్ల మీద కోనోకార్పస్ విపరీతంగా నాటారు. పశువు ముట్టని, వేగంగా పెరిగే ఆ విదేశీ మొక్క వేర్లు పైపులను దెబ్బతీస్తాయని, పుప్పొడితో ఎలర్జీలు వస్తాయని ఫిర్యాదులు పెరిగాక ఇకపై నాటవద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. అదే అటవీ సర్వే 2023 నివేదికలో తెలంగాణ అటవీ విస్తీర్ణం సుమారు 100 చదరపు కిలోమీటర్లు తగ్గినట్టు తేలింది.

నాటిన సంఖ్యకూ బతికిన సంఖ్యకూ మధ్య దూరం ఎంతుంటుందన్నదానికి టర్కీ గుర్తుండిపోయే ఉదాహరణ. అక్కడ 2019 నవంబరు 11న ఒక్కరోజే 1.1 కోట్ల మొక్కలు నాటారు. రెండు మూడు నెలలకు తాము పరిశీలించిన చోట్ల 90 శాతం దాకా చనిపోయాయని అటవీ ఉద్యోగుల సంఘం ప్రకటించింది. ప్రభుత్వం కాదంది. కారణంగా సంఘం చెప్పినవాటిలో ముఖ్యమైనవి రెండు: నాటిన కాలం సరైనది కాదు, తర్వాత నీళ్లు లేవు. తెలంగాణ చట్టం ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించింది. 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మునిసిపాలిటీల చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను స్థానిక ప్రతినిధుల మీద పెట్టాయి. కాగితం మీద ఇంత స్పష్టమైన మాట దేశంలో అరుదు. నిజాయితీగా అమలు చేయాలంటే మూడు వేసవులు దాటాక గుంత గుంతకూ వెళ్లి లెక్కపెట్టాలి.

ఐటీ కారిడార్‌లో ఈ లెక్క మరో దారి పట్టింది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. ఖర్చు పెట్టాక నివేదిక కావాలి, నివేదికకు అంకె కావాలి. 'ఇన్ని వేల మొక్కలు, ఇంతమంది ఉద్యోగులు, ఇన్ని గంటలు' అన్న అంకె ఒక్క మధ్యాహ్నంలో దొరుకుతుంది. 'నాలుగో ఏడు ఎన్ని బతికున్నాయి' అన్న అంకె దొరకాలంటే నీళ్ల ట్యాంకరుకు, కాపలా మనిషికి నాలుగేళ్లు జీతభత్యాలు ఇవ్వాలి. అంకె తేలిగ్గా దొరికే చోటికే డబ్బూ వెళ్తుంది.

వాహనాల విషయంలోనూ అంతే. 2015 ఆగస్టు 6న హైటెక్ సిటీలో 'కార్ ఫ్రీ థర్స్‌డే' మొదలైంది. గురువారం కారు ఇంట్లో పెట్టి బస్సులోనో, ఎంఎంటీఎస్‌లోనో, సైకిల్ మీదో రమ్మని ఉద్యోగులను కోరారు. ఆలోచన మంచిది, వచ్చినవాళ్ల ఉత్సాహమూ నిజమైనదే. కానీ మణికొండలో ఇల్లున్న మనిషి ఇంటి సందు నుంచి బస్టాపు దాకా నడవడానికి కాలిబాట కావాలి, బస్సు వేళకు రావాలి, దిగాక ఆఫీసు గేటు దాకా మరో సాధనం ఉండాలి. అవి లేని చోట పిలుపు ఒక్కటే మిగులుతుంది. ఆ గురువారాలు కొంతకాలానికి మామూలు గురువారాల్లో కలిసిపోయాయి. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సౌర పైకప్పు సైకిల్ దారి ప్రారంభమైంది. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు వైపు మరో పాయ. పైకప్పు మీద కరెంటు తయారవుతుంది, ఆ మేరకు అది పనికొచ్చే కట్టడం. ఐతే అది రింగ్ రోడ్డు వెంటే సాగుతుంది, మణికొండ సందుల్లోకి రాదు, సైబర్ టవర్స్ దాకా పోదు. తెల్లవారుజామున వ్యాయామం చేసేవారికి పనికొచ్చినంతగా తొమ్మిదింటికి లాగిన్ కావాల్సినవారికి పనికిరాదు.

2007 మార్చి 31న సిడ్నీలో మొదలై, 2009లో భారత్‌కు చేరిన 'ఎర్త్ అవర్' సంగతి లెక్క వేసి చూడవచ్చు. రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఒక ఫ్లాట్‌లో 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు పది ఆర్పితే మిగిలేది 90 వాట్-అవర్లు, అంటే యూనిట్‌లో పదో వంతు కూడా కాదు. గంటకు ఒకటిన్నర యూనిట్ తీసుకునే ఏసీ నాలుగు నిమిషాలు కూడా తిరగకముందే అది ఖర్చయిపోతుంది. పడమటి ఎండకు నిలువెత్తు అద్దాలు తొడిగిన భవనంలో ఏసీ ఏడాది పొడవునా ఎంత తాగుతుందన్నది ఆ భవనం నమూనా గీసిన రోజే ఖాయమైపోతుంది.

వేడుకకు ఎవరూ అడ్డు చెప్పకపోవడానికి కారణం, దానివల్ల ఎవరికీ నష్టం లేకపోవడం. నిజమైన పరిరక్షణకు ఎవరో ఒకరు విలువైనది వదులుకోవాలి. ఈ ప్రాంతంలో ఆ విలువైనది భూమి. 2023 ఆగస్టులో మణికొండ పక్కనే ఉన్న కోకాపేటలో ఎకరం 100.75 కోట్ల రూపాయలు పలికింది. అలాంటి నేల మీద చెట్టు గానీ, బండ గానీ, చెరువు శిఖం గానీ నిలవాలంటే ఉత్సవం సరిపోదు, చట్టం అడ్డం నిలబడాలి. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాలను నియంత్రించిన 111 జీవో 1996 మార్చి 8న వచ్చింది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఆ జలాశయాలు నగరానికి తాగునీరు ఇచ్చాయి, వరద నుంచి కాపాడాయి. పాతికేళ్లు కాపుకాసిన ఆ ఆంక్షలను 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ప్రభుత్వం ఎత్తివేసింది. హరిత నగర అవార్డు వచ్చింది సరిగ్గా అదే ఏడాది.

2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒప్పంద దేశాల 11వ సదస్సు హైదరాబాద్‌లో జరిగింది. దాని గుర్తుగా గచ్చిబౌలిలో ఒక పార్కు, ఒక కూడలికి పేరు మిగిలాయి. ఈ రోజు బయోడైవర్సిటీ జంక్షన్ అంటే నగరవాసికి గుర్తొచ్చేది సిగ్నలూ, రెండంతస్తుల ఫ్లైఓవర్లూ. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో అసలైన జీవవైవిధ్యం ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల పొద అడవి, బండరాళ్లు, కుంటలు, జింకలు, నెమళ్లు. హైదరాబాద్ పేరు పెట్టుకున్న సాలీడు జాతి 'మురీషియా హైదరాబాదెన్సిస్' శాస్త్రానికి పరిచయమైంది ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణం నుంచే. 2025 మార్చి 30న అక్కడికి ప్రభుత్వం పంపిన బుల్డోజర్లు వచ్చాయి. ఆ రోజు ఉగాది. వేప పూతను, కొత్త చిగురును ఇంటికి తెచ్చుకునే రోజు. మర్నాడు రంజాన్. వరస సెలవుల్లో, రాత్రిళ్లు కూడా లైట్ల వెలుగులో చెట్లు కూలాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు, పోలీసులు నిర్బంధించారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా జోక్యం చేసుకుని పని ఆపించింది. అప్పటికి సుమారు 100 ఎకరాలు చదునైపోయాయి. కోర్టులు మూసి ఉన్న సెలవుల్లోనే ఎందుకు మొదలుపెట్టారని ధర్మాసనం తర్వాత విచారణలో అడిగింది. అడవిని తిరిగి నిలబెట్టాలని చెప్పింది. ఆ నేల మీద పొద అడవి తనంతట తాను ఏర్పడటానికి దశాబ్దాలు పట్టింది, దాని బదులు మరోచోట అంతకు పదింతలు మొక్కలు నాటినా ఆ సాలీడుకు, ఆ జింకకు అది ఇల్లు కాదు.

వేడుక అలవాటుగా మారి ఫలించిన సందర్భాలూ ఉన్నాయి. మట్టి వినాయకుణ్ని ఉచితంగా పంచడం మొదట్లో ప్రచార కార్యక్రమంగానే కనిపించింది. కాని దాని వెనక 2020 మేలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలను నిషేధిస్తూ ఇచ్చిన మార్గదర్శకాలు, 2021లో హుస్సేన్‌సాగర్ నిమజ్జనంపై తెలంగాణ హైకోర్టు ఆదేశం ఉన్నాయి. 1954 నుంచి కొలువుదీరుతున్న ఖైరతాబాద్ గణపతి 2022లో 50 అడుగుల మట్టి విగ్రహమయ్యాడు. నగరంలోనే పెద్ద విగ్రహం మట్టిదైతే, వీధి విగ్రహం మట్టితో కుదరదన్న సాకు చెల్లదు.

ఒక్కరోజుతో ఆగని పనికి చేవెళ్ల మర్రిచెట్ల కథ మరో ఉదాహరణ. మణికొండకు దగ్గరలోని అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డుకు రెండువైపులా దాదాపు 900 మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు చేయాలంటే అవి అడ్డు. వాటిని ప్రేమించినవాళ్లు ఏళ్ల తరబడి ఒక్కో చెట్టునూ లెక్కపెట్టి, గుర్తులు వేసి, హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లారు. చివరికి ఎక్కువ చెట్లు ఉన్నచోటే ఉండేలా జాతీయ రహదారుల సంస్థ రోడ్డు గీతను సర్దుబాటు చేసింది. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్యకు ట్రైబ్యునల్ తెలియదు. జీవితమంతా సైకిల్ మీద గింజలు, మొక్కలు మోసుకెళ్లి కాల్వ గట్ల మీద, రోడ్ల పక్కన నాటాడు. 2017లో పద్మశ్రీ వచ్చాకా అదే పని చేశాడు. 2025 ఏప్రిల్ 12న కన్నుమూసేదాకా వనజీవి అనే పేరుకు తగ్గట్టు బతికాడు.

మణికొండ వాసి చేతిలో ఉన్న పని ఇంతకన్నా చిన్నది. 2002 నాటి వాల్టా చట్టం వాననీటి ఇంకుడు గుంతను తప్పనిసరి చేసింది. వెయ్యి గజాల డాబా మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే, ఐదో వంతు వృథా పోయినా 5.3 లక్షల లీటర్లు దొరుకుతాయి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నూటికి పైగా. బోర్లు ఎండి ఏప్రిల్‌లో ట్యాంకరు కోసం గేటు దగ్గర ఎదురుచూసే అపార్ట్‌మెంట్‌కు ఈ లెక్క విలువ తెలుసు. గుంత తవ్వడం ఒక్కరోజు పనే. కంకర మధ్య పేరుకున్న బురదను ఏటా మేలో పైకి తీసి కడగకపోతే మాత్రం రెండేళ్లకు అది నీరు దిగని తొట్టి అవుతుంది.

మణికొండ అంచునే ఉన్న నెక్నాంపూర్ చెరువులో పని ఒక దినోత్సవం నాడే ఆవిష్కారమైంది. 2018 ఫిబ్రవరి 2, ప్రపంచ చిత్తడి నేలల దినం. ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ, అధికారులు కలిసి 3,000 చదరపు అడుగుల తేలే తెప్పను నీటి మీద దించారు. అడుగున వెదురు, దానిపై థర్మోకోల్ లాంటి తేలిక గళ్లు, ఆపైన గోనె పట్టాలు, వాటి మీద కంకర. అందులో వట్టివేరు, మెట్టతామర, జమ్ము, మందార, తులసి. మట్టి లేకుండానే వేర్లు నీళ్లలోకి వేలాడతాయి. వేర్ల చుట్టూ చేరిన సూక్ష్మజీవులు మురుగును విడగొడతాయి, మొక్క ఆ నత్రజనిని, భాస్వరాన్ని పీల్చుకుంటుంది. దించిన రోజు తెప్ప బొమ్మలు దేశమంతా తిరిగాయి. కానీ చెరువులోకి పైకాలనీల మురుగు సెలవు లేకుండా వస్తూనే ఉంటుంది, దాన్ని ముందే శుద్ధి చేయకపోతే తెప్ప ఒక్కటే మోయలేదు. ముదిరిన ఆకును ఎప్పటికప్పుడు కోసి ఒడ్డుకు చేర్చాలి. తెప్ప మీదే కుళ్లనిస్తే అది పీల్చుకున్నదంతా మళ్లీ చెరువు నీళ్లలోకే దిగుతుంది.